గ్రంథ విమర్శ: నియాండర్తల్ మానవుడు

స్వాంటే పేబో 2014లో వెలువరించిన ఈ పుస్తకం శాస్త్రగ్రంథమే అయినా కథలాగా చదివిస్తుంది. జర్మనీలోని నియాండర్ లోయలో 1856లో దొరికిన ఎముక నుండి, తల్లివైపు సంక్రమించే డి.ఎన్.ఏ. తునకను ఆయన బృందం 1997లో మ్యూనిక్‌లో చదివింది. 2010లో లైప్జిగ్ నుండి, ఎక్కువగా క్రొయేషియా ఎముకల ఆధారంతో, మొత్తం జన్యుక్రమపు చిత్తుప్రతి వచ్చింది. ఆఫ్రికా వెలుపల మూలాలు గల జనులలో అంతరించిన ఆ జాతి అంశ నూటికి ఒకటి రెండు పాళ్లు ఉన్నదట. అంటే మనలోనూ!

నాకు నచ్చినది విజయగాథ కాదు. ఎముకను ముట్టిన చేయి, గదిలోని దుమ్ము కూడా ఫలితాన్ని చెడగొట్టగలవు. 1985లో తాను ప్రకటించిన ఈజిప్టు మమ్మీ డి.ఎన్.ఏ. సైతం అలా కలుషితమైనదే కావచ్చునని రచయిత దాచకుండా చెప్పారు. (మా ఉపాధ్యాయులకు ఇది పనికివచ్చే పాఠం.)

హిట్లర్ కాలపు మానవశాస్త్రం చేసిన ఘోరాల తరువాత జర్మనీలో మళ్లీ అటువంటి సంస్థ స్థాపించవచ్చునా అన్న చర్చను మాత్రం త్వరగా దాటిపోయారు. అది లోపమే. మన ముత్తాతలకూ నెంబరు వేసి, ఎత్తు కొలిచి, కులం రాసుకున్నారు గదా! మారిషస్‌లో మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో ఆ రిజిస్టర్లు నేటికీ ఉన్నాయి.

ఇప్పుడు మన పిల్లలు ఉమ్మి పంపి వంశం అడుగుతున్నారు. నియాండర్తల్ పాలు ఎంతో తెలుస్తుంది. ముత్తవ్వ ఊరు తెలియదు. ఆ ఊరి పేరు, గుమాస్తా చెవికి తోచిన అక్షరాలలో, రిజిస్టరులోనే వెదకాలి.