గాలింపు

బియ్యం గాలించడం చూసినవాళ్ళకు ఈ విద్య కొత్తది కాదు. గిన్నెలో నీళ్ళు పోసి, చిన్నగా సుడి తిప్పుతూ ఒడుపుగా ఓ పక్కకి వంచుతూ పోతే బియ్యం నీళ్ళతో పాటు రెండో గిన్నెలోకి జారుతుంది. రాళ్ళు అడుగున మిగులుతాయి. మనం వాటిని పెరట్లో పారబోస్తాం. 1924లో దక్షిణాఫ్రికాలో ఒక రైతు సరిగ్గా ఆ మిగిలేదాని కోసమే గాలించాడు.

ఆయన పేరు ఆండ్రీస్ లొంబార్డ్. ట్రాన్స్‌వాల్ తూర్పు భాగంలో, మాన్‌డాగ్స్‌హూక్ అనే పొలంలో ఎండిపోయిన వాగు ఇసుకను పళ్ళెంలో తిప్పాడు. చెప్పినంత తేలిక కాదది. అక్కడి ఇసుకలో నల్లటి క్రోమైట్, మాగ్నటైట్ రేణువులు విపరీతం. మామూలు ఇసుక కొట్టుకుపోయినా అవి ఓ పట్టాన కదలవు. నీళ్ళు దాదాపు అయిపోయిన పళ్ళేన్ని చివర్లో ఒక్కసారి మెల్లగా వాల్చి తిప్పితే ఆ నల్ల ఇసుక తోకలా సాగుతుంది. ఆ తోక కొసన, అన్నిటికన్నా వెనక, బూడిద తెలుపు రవ్వలు కొన్ని నిలిచాయి. బంగారమైతే పసుపు రంగే పట్టిచ్చేది. ఈ రవ్వల్ని సీసపు ముక్కలనో ఇనుప రజననో అనుకుని ఊదేసేవాళ్ళే ఎక్కువ. లొంబార్డ్ ఊదలేదు. పొట్లం కట్టి జోహన్నెస్‌బర్గ్‌లో ఉన్న హాన్స్ మెరెన్‌స్కీకి పంపాడు. అవి ప్లాటినం.

మెరెన్‌స్కీ 1871లో ఆ దేశంలోనే, బోత్‌షాబెలో అనే మిషన్ ఊళ్ళో, జర్మన్ మత ప్రచారకుడికి పుట్టాడు. జర్మనీ వెళ్ళి గనుల భూవిజ్ఞానం చదివి వచ్చాడు. ఆయన పనితనం అర్థం కావాలంటే ముందు ఆ నేల ఎలాంటిదో తెలియాలి.

మన ప్రకాశం జిల్లా చీమకుర్తి ‘గెలాక్సీ గ్రానైట్’ చూడనివాళ్ళు తక్కువ. వంటింటి గట్టు మీద నల్లరాతిలో బంగారు చుక్కలు మెరుస్తుంటాయే, అదే. నిజానికి అది గ్రానైట్ కాదు, గాబ్రో జాతి రాయి. ఆ చుక్కలూ బంగారం కాదు, బ్రాంజైట్ అనే ఖనిజం పలకలు. భూమి లోతుల్లోంచి ఉబికిన శిలాద్రవం పైకి రాకుండా అడుగునే తీరిగ్గా చల్లారితే ఇలాంటి రాయి అవుతుంది. లొంబార్డ్ గాలించిన ఆ నేల పేరు బుష్‌వెల్డ్. అది కూడా గాబ్రో కుటుంబపు రాళ్ళ ముద్దే, కాకపోతే పరిమాణం వేరు: సుమారు 205 కోట్ల ఏళ్ళ వయసు, ఏడెనిమిది కిలోమీటర్ల మందం, తూర్పు పడమరలుగా దాదాపు 400 కిలోమీటర్ల పొడవు. అంత పెద్ద ముద్ద చల్లారడానికి చాలా కాలం పట్టింది కాబట్టి, ఖనిజాలు వంతులవారీగా గడ్డకట్టి పొరలు పొరలుగా పేరుకున్నాయి.

ఆ క్రమంలో ఎక్కడో ఒకచోట శిలాద్రవంలో గంధకం ఇముడ్చుకోలేనంత ఎక్కువైతే సల్ఫైడ్ బొట్లుగా విడిపోతుంది. మజ్జిగ చిలికితే వెన్న విడిపోయినట్టు. వెన్న తేలుతుంది, ఇవి మునుగుతాయి, అంతే తేడా. రాగి, నికెల్ ఆ బొట్లలోకి చేరతాయి. ప్లాటినం, పల్లాడియమ్ అయితే చుట్టూ ఉన్న ద్రవాన్ని వదిలి వేల రెట్ల గాఢతతో వాటిలోకి దూరిపోతాయి. అందుకే గాబ్రోలో విలువైన లోహం వెతికేవాడి కన్ను ముందు రాగిని వెతుకుతుంది. ప్లాటినం కంటికి ఆనదు. చాల్కోపైరైట్ ఇత్తడి పసుపు రవ్వ మాత్రం భూతద్దంలో దాగదు.

మెరెన్‌స్కీ, లొంబార్డ్ కలిసి వాగుల వెంట పైకి నడిచారు. తొలి నెలల్లో దొరికినవి డ్యూనైట్ గొట్టాలు: నేలలోకి నిట్టనిలువుగా దిగిన రాతి స్తంభాలు, వాటిలో ప్లాటినం పుష్కలం. ఇంకొకరైతే అక్కడే గుడారం వేసి తవ్వుకునేవాళ్ళు. నాకు మెరెన్‌స్కీ మీద గౌరవం మొదలయ్యేది ఇక్కడే. ఆయన వెతుకులాట ఆపలేదు. బండ ముక్కలు కొట్టడం, ఇనుప రోట్లో దంచడం, జల్లించడం, గాలించడం, మళ్ళీ ఇంకో బండ. అదే ఏడాది సెప్టెంబరులో పళ్ళెం ఒక పలచని పట్టీ దగ్గర పలికింది.

ఆ పట్టీ చూపులకు ఏమంత గొప్పగా ఉండదు. చాలా చోట్ల మీటరు మందం కూడా లేదు. ముదురు పైరాక్సీన్ స్ఫటికాలు చుట్టుపక్కల రాతిలోకన్నా బాగా పెద్దవి. వాటి సందుల్లో తెల్లని ఫెల్డ్‌స్పార్. పైనా కిందా చీరకు సన్న జరీ అంచు వేసినట్టు నల్లని క్రోమైట్ గీతలు, కొన్నిచోట్ల కొన్ని మిల్లీమీటర్లే. విలువైన లోహమంతా ఎక్కువగా ఆ గీతల దాపునే ఉంటుంది. టన్ను రాతిని పిండి చేస్తే దక్కేది అర తులం, అటూ ఇటూగా.

గొట్టంలో ఉన్న గాఢత ముందు అర తులం ఏ మూలకి? కానీ గొట్టం గొట్టమే, దాని చుట్టుకొలత దాటితే ఏమీ లేదు. పొర అలా కాదు. శిలాద్రవం అంతటా ఒకే దశలో పేరుకున్నదైతే ఆ వరసలో అది అంతటా ఉండి తీరాలి. ఆ రోజుల భూవిజ్ఞానులు బుష్‌వెల్డ్‌ను అంచులు పైకి తేలిన పెద్ద పళ్ళెంలా ఊహించేవారు. తూర్పు అంచున ఏ పొర మీద ఏ పొర ఉందో చూసినవాడు పడమటి అంచున అదే వరస వెతకాలి. 1925లో అదే జరిగింది: మూడు వందల కిలోమీటర్లకు పైగా దూరాన, రస్టెన్‌బర్గ్ దగ్గర, అదే పట్టీ బయటపడింది. ఈ ముందుచూపు ముందు మొదటి రవ్వ దొరకడం నాకు చిన్నదిగానే కనిపిస్తుంది.

పట్టీకి మెరెన్‌స్కీ రీఫ్ అని పేరు స్థిరపడింది. లొంబార్డ్ పేరు దాని మీద లేదు. పళ్ళెం ఆడించిన చెయ్యికి దక్కని పేరు పటం చదివిన కన్నుకి దక్కడం ఈ రంగంలో మామూలే, అయినా బాగోలేదు. ఇంకో వింత, ఆ బుష్‌వెల్డ్ క్రోమైట్‌లో ప్లాటినం ఆనవాళ్ళు ఉన్నాయని ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దంలోనే పరీక్షల్లో తేలింది. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఇవాళ మెరెన్‌స్కీ రీఫ్‌కి దిగువన ఉన్న ఒక క్రోమైట్ పొరే ప్లాటినానికి పెద్ద ఆధారం.

‘పొర అయితే సాగుతుంది’ అన్న ఆలోచన తర్వాత సముద్రాలు దాటింది. అమెరికాలోని మోంటానాలో, 270 కోట్ల ఏళ్ళ స్టిల్‌వాటర్ రాళ్ళలో, జాన్స్-మాన్‌విల్ కంపెనీ భూవిజ్ఞానులు 1967లో వెతకడం మొదలుపెట్టారు. వాగు ఇసుకకు బదులు కొండవాలు మట్టిని పరీక్షకు పంపారు. 1973లో పల్లాడియమ్ ఎక్కువగా ఉన్న జె-ఎమ్ రీఫ్ దొరికింది. గని మొదలయ్యేసరికి 1987.

ఇప్పుడు పళ్ళెం స్థానంలో డ్రిల్లు వచ్చింది. పని మాత్రం మారలేదనిపిస్తుంది, ముఖ్యంగా పరీక్ష కొలిమి దగ్గర. ముప్పై గ్రాముల రాతి పొడిలో సీసపు భస్మం కలిపి కరిగిస్తారు. కరిగిన సీసం బొట్లుగా దిగుతూ దారిలో ఉన్న విలువైన లోహాన్నంతా పోగేసుకుని అడుగున గుండీలా కూర్చుంటుంది. వందల కోట్ల ఏళ్ళ కిందట నేలలో సల్ఫైడ్ బొట్టు చేసిన పనే ఇది, గంటసేపట్లో. తర్వాత ఎముకల బూడిద మూసలో ఆ గుండీని కాల్చితే సీసాన్ని మూస పీల్చేసుకుంటుంది. మంచి రీఫ్ రాయే అయినా, మిగిలినదాంట్లో రాతి తాలూకు ప్లాటినం, పల్లాడియమ్ అన్నీ కలిపి ఆవగింజలో పదో వంతు తూగితే గొప్ప.

అంత చిన్న తూకం మీద కోట్లు పెట్టాలి కనుక, డ్రిల్లు తీసిన రాతి కడ్డీని నిలువునా రెండుగా కోస్తారు. ఒక సగమే కొలిమికి వెళ్తుంది. రెండో సగం, ఎంత లోతు నుంచి వచ్చిందో రాసిన చీటీతో, వరస తప్పకుండా పెట్టెలో ఉంటుంది. లెక్క మీద ఎవరికి అనుమానం వచ్చినా ఆ పెట్టె దింపి, దాచిన సగంలోంచి మళ్ళీ ముక్క కోస్తారు.