వరుస ఎవరిది?

శ్రీరామనవమి వచ్చిందంటే మా మైసూరులో పందిళ్లు లేస్తాయి, కచేరీలు మొదలవుతాయి. కిందటేడు అలాంటి ఒక పందిట్లో కూర్చున్నాను. ఒక పక్క గుంటూరు నుంచి వచ్చిన మా బావగారు, మరో పక్క మా పొరుగింటి కన్నడ మాస్టారు. కచేరీ చివర గాయని 'నానాటి బదుకు' ఎత్తుకుంది. అంతకు ముందు మైకులో చెప్పింది రెండే ముక్కలు: అన్నమాచార్య కీర్తన, రేవతి రాగం.

"చూశావా, ఇక్కడి వాళ్ల నోట బతుకు కాస్తా బదుకు అయిపోయింది" అన్నారు బావగారు నా చెవిలో. మాస్టారు మాత్రం సరిగ్గా ఆ మాట దగ్గరే తల ఊపారు. కన్నడంలోనూ బతుకును బదుకు అనే అంటారు మరి. ఇంటికి వచ్చాక పుస్తకం తీసి చూపించాను. తాళ్లపాక పాఠంలో ఉన్నదీ బదుకే. గాయని తప్పు పాడలేదు. బావగారు నవ్వి, "సరేలే, మాట అన్నమయ్యదే. మరి ఈ వరుస కూడా ఆయనదేనా?" అని అడిగారు.

ఆ ప్రశ్నే ఈ వ్యాసానికి కారణం. నేను బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. సంగీత శాస్త్రం చదువుకోలేదు. వినడం మాత్రం ముప్పై ఏళ్లుగా మానలేదు.

వరుస అన్నమయ్యది కాదు. ఆయన 1408 నుంచి 1503 వరకు జీవించాడంటారు. తిరుమల ఆలయంలోని రాగిరేకుల మీద ఆయన పాటలు పన్నెండు వేలకు పైగా దక్కాయి. పాట పైన రాగం పేరు చెక్కారు కాని స్వరలిపి లేదు. రాగం పేరు తెలిసినంత మాత్రాన పాట నడక తెలియదు. పైగా రాగాల రూపాలు కూడా ఇన్ని వందల ఏళ్లలో మారుతూ వచ్చాయి. కనుక ఇవాళ మనం కచేరీల్లో వింటున్న అన్నమయ్య పాటల్లో చాలావాటికి మాట పదిహేనో శతాబ్దిది, వరుస ఇరవయ్యో శతాబ్దిది. ఒక రకంగా అవి కొత్త పాటలే. కొందరు కలిసి పని చేస్తే పుట్టిన పాటలు.

ఆ కొందరిలో ఒకరు మా ఊరికి బాగా తెలిసినవారు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు అనంతపురం జిల్లాలో పుట్టి, ఇక్కడి మహారాజా కళాశాలలో దాదాపు నాలుగు దశాబ్దాలు తెలుగు చెప్పారు. ఇక్కడే బిడారం కృష్ణప్పగారి దగ్గర సంగీతం నేర్చారు. తర్వాత తిరుపతి చేరి, రేకుల మీది పాటలను పరిష్కరించి, కొన్నింటికి తామే వరుసలు కట్టి స్వరలిపితో అచ్చు వేయించారు. పదం ఎక్కడ విరగాలో తెలిసిన పండితుడూ, స్వరం ఎక్కడ నిలవాలో తెలిసిన విద్వాంసుడూ ఒకే మనిషి కావడం ఆ పాటల అదృష్టం. 1974లో ఆయన సంగీత కళానిధి అయ్యారు, 1979లో కన్నుమూశారు.

'నానాటి బదుకు'కు రేవతిలో వరుస కట్టినవారు నేదునూరి కృష్ణమూర్తిగారు (1927–2014). రేవతిలో గాంధారం లేదు, ధైవతం లేదు. ఉన్న అయిదు స్వరాల మధ్య ఖాళీ ఎక్కువ. బతుకంతా నాటకమని చెప్పే పాటకు ఆ ఖాళీ ఎంత అవసరమో ఆయన గ్రహించారు. మాటను సంగతులతో కప్పలేదు. చిన్న చిన్న ముక్కలుగా పలికించి, ఊపిరి తీసుకునే చోటు ఇచ్చారు. తరవాత ఆ పాటను మదురైలో పుట్టిన ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారు పాడారు. తెలుగు ఆమె ఇంటి భాష కాదు. అయినా ఒక్క అక్షరం నలగలేదు. మాట తెలుగుదేశానిది, గొంతు తమిళదేశానిది, మధ్యలో వరుస కట్టిన నేదునూరిగారు. ఈ ముగ్గురిలో ఎవరు లేకపోయినా ఈ పాట నా చెవిదాకా వచ్చేది కాదు.

మా బ్యాంకులో చిన్న వోచరు మీద కూడా రాసినవారి సంతకం, సరిచూసినవారి సంతకం వేర్వేరుగా ఉండాలి. పాట దగ్గర మాత్రం ఒక్క సంతకంతో సరిపెడుతున్నాం. అది దైవసేవ, పేరు దేనికి అంటారు కొందరు. త్యాగరాజస్వామి మాటా తనదే, వరుసా తనదే. కనుక ఆయన ముద్ర రెంటికీ చెల్లింది. నేదునూరిగారికి ఈ పాటలో ముద్ర వేసుకునే చోటే లేదు. ఆయన అడగలేదు కనుకనే మనం చెప్పాలి.

పేరు చెప్పకపోవడం వల్ల నష్టం మరొకటుంది. వరుస కూడా అయిదు వందల ఏళ్లనాటిదని నమ్మితే దాన్ని తూచి చూడాలనిపించదు. ఉదాహరణకు, ఈ వరుసలో మూడు చరణాలూ ఇంచుమించు ఒకే నడకలో సాగుతాయి. అది లోపమని నేను అనను. కాని గాయకులు దాన్ని ఆసరా చేసుకుని, చివరి తుక్కడాల వేళ ఒక చరణం పాడి ముగించేస్తున్నారు. మా పందిట్లోనూ అదే జరిగింది. పుట్టుక, చావుల సంగతి మొదటి చరణం. కూడు, గుడ్డల సంగతి రెండోది. పాపపుణ్యాల లెక్క ఎన్నటికీ తెగదని చెప్పి, ఆ లెక్కకు అవతల ఉన్న వేంకటేశుణ్ణి చూపించేది మూడోది. జీవితమంతా లెక్కలు తేల్చిన నాబోటివాడికి అసలు పాట అక్కడే ఉంది. దాన్ని వదిలేస్తే మిగిలేది వట్టి వైరాగ్యం.

మా అమ్మాయి ఈ పాటను కన్నడ లిపిలో రాసుకుని నేర్చుకుంది. తనకు తెలుగు చదవడం రాదు. ఆ తప్పు నాది. తనూ మొన్నటిదాకా ఒక చరణమే పాడేది. ఒకరోజు కూర్చోబెట్టి మూడో చరణం అర్థం చెప్పాను. అప్పటి నుంచి వదలడం లేదు.

మన ఊళ్లన్నిటా ఇదే పరిస్థితి. మాట తెలిసిన పెద్దలు ఒక గదిలో, స్వరం తెలిసిన పిల్లలు మరో గదిలో. గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్‌గారు (1948–2025) ఆరు వందలకు పైగా అన్నమయ్య పాటలకు వరుసలు కట్టి వెళ్లారు. ఇంకా వేల పాటలు రేకుల మీద మౌనంగానే ఉన్నాయి. రాళ్లపల్లివారి వంటి మనిషి మళ్లీ దొరకకపోవచ్చు. ఆ పండితుణ్ణీ ఆ విద్వాంసుణ్ణీ ఇద్దరు మనుషుల్లో వెతికి, ఒకే చాప మీద కూర్చోబెట్టడం మనకు అసాధ్యమేమీ కాదు. బళ్లారిలోనో, బరంపురంలోనో, హోసూరులోనో నెలకొక పాట చొప్పున చేసినా చాలు.

వచ్చే నవమికి మా పందిరి కార్యక్రమ పత్రం రాసే పని నాకు అప్పగించారు. తెలుగు, కన్నడ లిపులు రెంటిలోనూ వేయిస్తున్నాను. ప్రతి పాటకూ ఎదురుగా మూడు గళ్లు గీశాను: మాట, వరుస, గానం. వరుస కట్టినవారు తెలియని చోట గడి ఖాళీగానే ఉంచుతాను. బావగారికి ఒక ప్రతి పోస్టులో పంపుతాను.