పిండి సంచి మీద సినిమా

1980లలో ఘనాలో కొందరు టీవీ, వీసీఆర్, చిన్న జనరేటరు బండికెక్కించి ఊరూరా సినిమాలు చూపించడం మొదలుపెట్టారు. జనం రావాలంటే పోస్టరు ఉండాలి. ఆ పని సైన్‌బోర్డులు రాసే చిత్రకారులకు దక్కింది.

ఖాళీ పిండి సంచులు విప్పి, రెండింటిని కలిపి కుట్టి, దాని మీద ఆయిల్ రంగులు వేసేవారు. చుట్టి బండిలో పెట్టుకుంటే ఎన్ని ఊళ్లయినా తిరిగి వచ్చేది. గీసే మనిషి ఒక్కోసారి ఆ సినిమా చూసి కూడా ఉండడు. కథలో లేని పాములు, రాక్షసులు, తెగిన తలలు బొమ్మలోకి వచ్చేసేవి. దీన్ని మోసమంటే నేనొప్పుకోను. సినిమా ఎంత పేలవంగా ఉన్నా పోస్టరు మాత్రం ప్రాణంతో ఉండేది! హాలీవుడ్, హాంకాంగ్, బొంబాయి చిత్రాలు ఆ కుంచె కింద ఘనా కథలైపోయాయి.

అచ్చు పోస్టర్లు వచ్చాక ఈ చేతిరాత పోస్టర్లకు గిరాకీ పడిపోయింది. 2000లో ‘ఎక్స్‌ట్రీమ్ కాన్వాస్’ అనే పుస్తకం వీటిని ఒకచోట చేర్చింది. అప్పటికే విదేశీ సేకర్తలు వీటి వెంట పడ్డారు. హెవీ జె లాంటి చిత్రకారులు ఇప్పుడు ఆ సేకర్తల ఆర్డర్ల మీద గీస్తున్నారు. సేకర్తలు కొంటే సరిపోదు. ఘనా చిత్రకళ చరిత్ర రాసేవాళ్లు ఈ సంచులకు ఒక అధ్యాయం ఇచ్చి తీరాలి.