కందికి పొద్దు తెలుసు

మా ప్రాంతం పేరు పెట్టుకున్న కంది రకం ఒకటుంది. గుంటూరు దగ్గరి లాం పరిశోధన స్థానం ఇచ్చిన ఎల్‌ఆర్‌జీ 30నే రైతులు ‘పల్నాడు’ కంది అంటారు. తొలకరికి విత్తితే అది దాదాపు ఆరు నెలల పంట. అదే గింజను సెప్టెంబరు చివర్లో, అక్టోబరులో వేస్తే నాలుగు నెలలు దాటేసరికే కోతకొస్తుంది. అందుకే ఏ కంది చేనుకు వెళ్లినా నేను మొదట అడిగేది ఎప్పుడు విత్తారనే.

ఈ తేడా పొద్దు వల్ల వచ్చింది. నరసరావుపేటలో జూన్ పగలు సుమారు 13 గంటలు, డిసెంబరు పగలు 11 గంటల పైచిలుకు. పగలు పొడుగ్గా ఉన్నన్నాళ్లూ కంది ఆకులూ కొమ్మలూ పెంచుకుంటుంది. రాత్రి నిడివి పెరిగాక పూతకు దిగుతుంది. జూన్‌లో మొలిచిన మొక్కకు ఎదగడానికి నెలల గడువు దొరికితే, అక్టోబరులో మొలిచినది చిన్నగా ఉండగానే పూస్తుంది.

పగటి నిడివిని బట్టి మొక్కలు పూస్తాయని 1920లో అమెరికాలో గార్నర్, అలార్డ్ పొగాకు, సోయా మొక్కలతో చూపించారు. ఆకులో పుట్టి కొమ్మ కొనకు చేరే పదార్థమేదో పూయిస్తోందని సోవియట్ శాస్త్రవేత్త చైలాఖ్యాన్ 1930ల్లో చెప్పి, దానికి ఫ్లోరిజెన్ అని పేరు పెట్టాడు. అది ఎఫ్‌టీ కుటుంబపు జన్యువులు తయారుచేసే ప్రోటీన్ అని 2007లో వరి, అరబిడాప్సిస్ మొక్కల్లో రుజువైంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ నాయకత్వంలో శాస్త్రవేత్తలు 2011లో కంది జన్యుక్రమాన్ని వెల్లడించారు. పొద్దుతో పెద్దగా పనిలేకుండా త్వరగా పూసే రకాలను తయారుచేయడానికి ఇలాంటి పరిశోధనే ఆధారం.

చేలో మాత్రం ఈ శాస్త్రమంతా ఒక్క నిర్ణయంగా మారుతుంది. వానలు ఆలస్యమై కంది వెనక పడితే, తొలకరికి వదిలినంత ఎడం వదలకూడదు. మొక్క అంత గుబురుగా ఎదగదు, సాళ్ల మధ్య నేల ఖాళీగా మిగిలిపోతుంది. సాళ్లు దగ్గర చేసి, ఎకరానికి మొక్కల సంఖ్య పెంచితేనే దిగుబడి నిలుస్తుంది. విత్తనం మోతాదూ ఆ మేరకు పెరగాలి.

కాబట్టి విత్తనం కొనేటప్పుడు ‘ఎన్ని రోజుల పంట?’ అని అడిగి ఊరుకోవద్దు. ‘ఏ నెలలో విత్తితే?’ అని కూడా అడగండి. మీ చేను విత్తిన తేదీ, తొలి పూత కనిపించిన తేదీ ఏటా రాసి పెట్టుకోండి. మరుసటి ఏడు వానలు వెనకబడినప్పుడు మీకు అక్కరకొచ్చే లెక్క అదే.