టైటిల్స్‌లో లేనివాళ్లు

గత ఆదివారం ఒక ఫిల్మ్ క్లబ్‌లో ‘కాసాబ్లాంకా’ వేశారు. హాలు నిండా పాతికేళ్ల లోపు పిల్లలే. చూసి ప్రాణం లేచొచ్చింది. అంతలో ప్రొజెక్టర్ దగ్గరున్న అబ్బాయి టైటిల్స్ దాటించేశాడు. ‘‘కథ నుంచే మొదలుపెడదామండీ, పేర్లు ఎవరు చదువుతారు?’’ అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

ఈ కాలమ్ చదివేవారికి నా పట్టుదల తెలుసు. టైటిల్స్ పడే వేళకు సీట్లో కూర్చోవాలి. సినిమాకు చెమటోడ్చినవాళ్ల చిట్టా అదొక్కటే కదా. అందులోనూ ఈ సినిమాకు! ఆఫ్రికా పటం మీద పేర్లు పడుతుంటే మాక్స్ స్టైనర్ సంగీతం ఎడారి బాణీలో మొదలై ఫ్రెంచి జాతీయగీతంలోకి మళ్లుతుంది. రాబోయే తగువంతా ఆ కాస్తలోనే వినిపిస్తుంది. దాన్ని కోసేస్తే ఎలా?

స్టైనర్ సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. సినిమాలో అందరికీ గుర్తుండిపోయిన ‘యాజ్ టైమ్ గోస్ బై’ పాట ఆయనది కాదు. 1931లో హెర్మన్ హప్‌ఫెల్డ్ కట్టిన పాట. స్టైనర్‌కు అది నచ్చలేదు, తన సొంత పాట పెడతానన్నాడు. అలా చేయాలంటే సన్నివేశాలు మళ్లీ తీయాలి. ఇన్‌గ్రిడ్ బెర్గ్‌మన్ అప్పటికే తర్వాతి సినిమా కోసం జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. పాట బతికిపోయింది. ఆపైన స్టైనర్ చేసిన పని చూడండి. తనకు గిట్టని ఆ వరుసనే విడదీసి, నెమ్మది చేసి, బరువెక్కించి, ప్రేమికులు ఎదురుపడిన ప్రతి చోటా వాడుకున్నాడు. పనిమంతుడంటే నా లెక్కలో ఆయనే.

స్క్రిప్టు గొడవ సినిమా ప్రియులకు తెలిసిందే. 1942 మే 25న షూటింగ్ మొదలయ్యేనాటికి అది పూర్తికాలేదు. ఎప్‌స్టైన్ కవలలు, హోవర్డ్ కోచ్ రాస్తూనే ఉన్నారు. కథలోని ఇద్దరు మగవాళ్లలో చివరికి తాను ఎవరిని ప్రేమించాలని బెర్గ్‌మన్ అడిగితే, ఇద్దరికీ మధ్యస్థంగా నటించమన్నారట. బౌండ్ స్క్రిప్టు లేనిదే క్లాప్ కొట్టొద్దని నేను మళ్లీ మళ్లీ రాస్తూనే ఉంటాను. ఆమె కళ్లలోని ఆ తడబాటుకు మాత్రం తలవంచుతాను. ఆఖరి డైలాగైతే షూటింగ్ ముగిశాక నిర్మాత హాల్ వాలిస్‌కు తోచింది. హంఫ్రీ బోగార్ట్‌ను పిలిపించి డబ్బింగ్ చెప్పించారు.

ఆ సాయంత్రం కోపంతో టైటిల్స్‌ను మనసులో అప్పజెప్పుకుంటూ కూర్చున్నాను. దర్శకుడు మైకేల్ కర్టిజ్, కెమెరా ఆర్థర్ ఎడిసన్, ఎడిటింగ్ ఓవెన్ మార్క్స్. ఇంతలో కథ రూలెట్ బల్ల దగ్గరికి వచ్చింది.

బల్గేరియా నుంచి పారిపోయి వచ్చిన కొత్త దంపతులు. వీసాకు డబ్బు చాలదు. భర్త జూదంలో ఉన్నదీ పోగొట్టుకుంటున్నాడు. కేఫ్ యజమాని రిక్ (బోగార్ట్) వచ్చి పక్కన నిలబడి 22 మీద పెట్టమంటాడు. చక్రం తిప్పేవాడు యజమాని మనసు కనిపెడతాడు. 22 వస్తుంది. డబ్బు అక్కడే ఉంచమంటాడు. మళ్లీ 22.

ఆ భర్త వేషం వేసింది హెల్ముట్ డాంటైన్, ఆస్ట్రియా వాసి. 1938లో నాజీలు తన దేశాన్ని కలిపేసుకున్నాక నిర్బంధ శిబిరంలో ఉండి వచ్చినవాడు. చక్రం తిప్పింది మార్సెల్ దలియో. జాఁ రెన్వార్ ‘రూల్స్ ఆఫ్ ది గేమ్’లో ముఖ్య పాత్రధారి. 1940లో పారిస్ వదిలి లిస్బన్ చేరి, మెక్సికో, కెనడాల మీదుగా అమెరికాలో పడ్డాడు. కాసాబ్లాంకా కథలో అందరూ కలలుగనే లిస్బన్ అదే. ఆయన వెనక ఫ్రాన్స్‌లో, యూదుడంటే ఇలా ఉంటాడని నాజీలు ఆయన ముఖాన్నే పోస్టర్ల మీద అంటించారు. ఫ్రాన్స్‌లో తారగా వెలిగిన మనిషి ఇక్కడ రెండు మూడు మాటల జూదశాల ఉద్యోగి.

ఈ ఇద్దరి పేర్లూ టైటిల్స్‌లో లేవు. వాళ్ల పక్కనే నిలబడిన పెళ్లికూతురు జాయ్ పేజ్ పేరుంది. ఆమె స్టూడియో అధిపతి జాక్ వార్నర్ సవతి కూతురు. ఆ అమ్మాయి చక్కగా చేసింది, ఆమె మీద నాకు ఫిర్యాదు లేదు. దలియో భార్య మదలీన్ లెబో పేరూ ఉంది. భర్తతో కలిసి అదే దారిన వచ్చిన మనిషి. జర్మన్ అధికారుల పాటకు ఎదురుగా కేఫ్ అంతా లేచి ఫ్రెంచి జాతీయగీతం పాడినప్పుడు కన్నీళ్లతో కనిపించే అమ్మాయి ఆమే. వయసు 19. ఆ కన్నీళ్లకు గ్లిజరిన్ పని లేదు. హెడ్ వెయిటర్‌గా నవ్వించిన ఎస్.జెడ్. సకాల్ ముగ్గురు తోబుట్టువులు నాజీ శిబిరాల్లో చనిపోయారు. నాజీ మేజర్‌గా వేసిన కాన్రాడ్ వైట్ యూదు భార్యను వెంటబెట్టుకుని 1933లోనే జర్మనీ వదిలాడు. టైటిల్స్‌కెక్కిన నటుల్లో అమెరికాలో పుట్టింది బోగార్ట్, డూలీ విల్సన్, జాయ్ పేజ్, ముగ్గురే.

ఆ బల్ల దగ్గరే నా కోపం దారి మళ్లింది. ఆ అబ్బాయి పేర్లు ఎవరు చదువుతారన్నాడు. చదివినా ఈ సినిమా ఎవరి చలవో తెలిసేది కాదు. నేను చిట్టా అని నమ్మింది స్టూడియో కాంట్రాక్టుల పట్టీ. ఎవరి పలుకుబడి ఎంతో అందులో ఉంది, ఎవరు ఏం మోసుకొచ్చారో లేదు. ప్రేమ సన్నివేశాలకు చెయ్యి వేసిన రచయిత కేసీ రాబిన్సన్ పేరు కూడా లేదు. అందుకే ‘కాసాబ్లాంకా’ చూడబోయేవాళ్లకు నేనిప్పుడు చెప్పేది వేరు. టైటిల్స్ తప్పినా బెంగపడకండి. రూలెట్ బల్ల దగ్గర మాత్రం బొమ్మ ఆపి, బల్లకు రెండు వైపులా ఉన్న ముఖాలు చూడండి.

రిక్ కేఫ్‌లో పాటలు పాడే శామ్ పియానో దగ్గర కూడా ఆగండి. ఆ పాత్ర వేసిన డూలీ విల్సన్ డ్రమ్స్ వాయించేవాడు, పియానో రాదు. పాడిన గొంతు ఆయనదే. పియానో మాత్రం ఎలియట్ కార్పెంటర్ కెమెరాకు కనబడనిచోట కూర్చుని వాయించాడు. తెరమీద ఎన్టీఆర్ పాడుతుంటే ఆ గొంతు ఘంటసాలదని మన ఇళ్లలో పిల్లలకూ తెలుసు. నేపథ్యగానం అని పేరు వేసేవారు మరి. కార్పెంటర్‌కు ఆ ఒక్క వరుసా వేయలేదు.