టైల్స్ మేస్త్రి చెవి

షోరూంలో తళతళలాడే పాలిష్ పోర్సిలెయిన్ టైల్ చూసి మనం పడిపోతాం. మేస్త్రి దాని మీద కాసిన్ని నీళ్లు చల్లి, కాలితో రుద్ది, "హాల్లో వేసుకోండి సార్, బాత్రూంకి మాత్రం మ్యాటే" అంటాడు. పోర్సిలెయిన్ అంటే 1200 డిగ్రీల దరిదాపుల్లో కాలి గట్టిపడిన మట్టి. తన బరువులో 0.5 శాతానికి మించి నీటిని పీల్చదు. మేస్త్రికి చిక్కు తెచ్చేదీ ఆ గుణమే. ఒట్టి సిమెంటు దాన్ని సరిగా పట్టుకోదు. అందుకే పళ్ల తాపీతో టైల్ గమ్మును చాళ్లుగా గీసి, పలకను అదిమి, రబ్బరు సుత్తితో తడుతూ చెవి ఒగ్గుతాడు. ఎక్కడైనా డొల్లగా మోగిందా, ఇంటాయన ముందే మొహమాటం లేకుండా పీకేస్తాడు. ఆ పీకడానికే అతనికి దండం పెట్టాలి! ఇక మెరుపు సంగతికొస్తే, గ్లేజు లేని టైల్‌కు పాలిష్ పడితే సన్నని రంధ్రాలు తెరుచుకుని పసుపు మరక దిగబడుతుంది. వంటగదికి నేనైతే గ్లేజున్న శాటిన్ టైలే ఎంచుకుంటాను. మెరుపు తక్కువైనా తుడవడం తేలిక.