కులచరిత్రలలో కత్తి

మన చాళ్లలో మళ్లీ కులచరిత్రల కాలం వచ్చింది. రాబోయే జనగణనలో కులాన్ని లెక్కిస్తామని 2025 ఏప్రిల్‌లో కేంద్రం ప్రకటించినప్పటి నుంచి నా బల్ల మీద ఇలాంటి చిన్న పుస్తకాలు అరడజను చేరాయి. కామాటిపుర గల్లీల నుంచీ, వర్లీ, ప్రభాదేవి చాళ్ల నుంచీ మిత్రులు ఇచ్చినవి. వాటి పేర్లు రాయను. నా తగాదా మనుషులతో కాదు, రచనతో.

అన్నిటి కథా ఒకటే. ఆదిలో మనం క్షత్రియులం. పరశురాముడికి జడిసి కొండలెక్కాం. కత్తి దాచి పనిముట్టు పట్టాం. తరువాత ఎవరో కుట్ర చేసి మనల్ని తక్కువ చేసి రాశారు. అట్ట మీద మీసాలున్న ఒక రాజు బొమ్మ. నేను కామర్స్ చదివి, ముప్పై ఏళ్లుగా బ్యాంకులో ఖాతాలు చూస్తున్నవాణ్ణి. ఓపెనింగ్ బ్యాలెన్స్ ఘనంగా చూపించి, నడిమి సంవత్సరాలకు ఒక్క వోచరూ లేని పుస్తకం మీద సంతకం పెట్టడం నాకు చేతకాదు.

అలాగని వెక్కిరించడానికీ మనసొప్పదు. ఈ కోరిక వెనక అవమానం ఉంది. తమిళదేశంలో పల్లీలు 1871 జనగణన నాటికే తమను క్షత్రియులుగా రాయమని అర్జీ పెట్టుకున్నారు. కల్లుగీత వృత్తిలోని నాడార్లు గుడిలోకి రానివ్వనందుకు క్షత్రియులమన్నారు. 1899లో శివకాశిలో రక్తం పారింది. కముది గుడి దావా ప్రీవీ కౌన్సిల్ దాకా పోయి 1908లో ఓడింది. మనవైపు అగ్నికుల క్షత్రియులూ, పెరికవారి పురగిరి క్షత్రియ నామమూ ఈ వరసలోవే. ఆంధ్రప్రదేశ్ వెనుకబడిన తరగతుల జాబితా తీసి చూడండి: మొదటి పేరు ఎ గ్రూపులో, రెండవది బి గ్రూపులో ఉన్నాయి. ఒకే కాగితం మీద క్షత్రియుడూ, వెనుకబడినవాడూ! నవ్వొస్తుంది గానీ, రెండు మాటలూ అవసరాల నుంచి వచ్చినవే. ఒకటి పెళ్లిపందిట్లో పనికొస్తుంది, ఇంకొకటి కాలేజీ సీటుకు.

నా అభ్యంతరం వేరు. కముది దావాలో నాడార్లు గుడి అందరిదీ అని వాదించలేదు. మేము ఆ తక్కువవాళ్లలో లేము అన్నారు. మన పుస్తకాలదీ అదే ధోరణి. పేజీలన్నీ తిప్పినా మాల, మాదిగ ఇళ్ల ప్రస్తావన ఎక్కడా తగలదు. చాలులో గోడ ఒక్కటే అయినా, పుస్తకంలో మాత్రం వాళ్లు లేరు.

రచనగా చూసినా ఇవి మన పాతకథల ముందు నిలవవు. పద్మశాలీల భావనారుషి కథనే తీసుకోండి. తెలంగాణ పల్లెల్లో కూనపులివారు పటం విప్పి చెప్పే కథ అది. రుషి పులినెక్కి కాళవాసురుడి మీదికి యుద్ధానికి పోతాడు, చంపుతాడు. అయితే కథ అక్కడ ఆగదు. ఆ రాక్షసుడి ఒంటి నుంచి బట్టలకు రంగులు వస్తాయి. యుద్ధం చేసినదంతా చివరికి మగ్గానికే చేరుతుంది. ఎంత చక్కని ఊహ! రాజ్యం గెలిచిన వీరుడు కాదు, రంగు సంపాదించి ఇంటికొచ్చిన నేతగాడు. నా దగ్గరున్న పుస్తకంలో ఈ కథ ఒకటిన్నర పేజీ ఉంది. పులి ఉంది, కత్తి ఉంది. రంగుల మాట లేదు.

కామాటి అన్నది కూడా ఒక కులం పేరు కాదు, పని పేరు. నిజాం ఇలాకా నుంచి వచ్చి రాళ్లు మోసి, గోడలు కట్టిన నానా కులాలవాళ్లనూ ఈ ఊరు ఆ ఒక్క పేరుతో పిలిచి, పేటకు అదే పెట్టింది.

ఆ పనిలోంచే గుత్తేదార్లయిన రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కరాడీ లింగూ, వ్యంకూ బాలాజీ కాళేవార్ వంటి తెలుగువారు జోతిరావు ఫూలేకు అండగా నిలిచారు. ఫూలే కూడా గుత్తేదారే కదా. 1873లో పుణెలో ఆయన స్థాపించిన సత్యశోధక్ సమాజ్‌కు ఈ బొంబాయి తెలుగు మిత్రులు అచ్చుయంత్రం కానుకిచ్చారు. అదే ఏడు వెలువడిన ‘గులాంగిరి’లోనూ క్షత్రియులున్నారు, పరశురాముడున్నాడు. మన పుస్తకాల సరుకే, లెక్క మాత్రం తిరగబడింది. క్షత్రియుడంటే క్షేత్రం మీద బతికినవాడు, నేల కలవాడు అన్నాడు ఫూలే. పరశురాముణ్ణి అందరికంటే గట్టిగా ఎదిరించినవాళ్లు మహార్లు, మాంగులే అన్నాడు. ఆ వ్యుత్పత్తిని పండితులు ఒప్పుకోకపోవచ్చు. నేనూ వ్యాకరణం ఎరిగినవాణ్ణి కాను. కానీ ఆయన క్షత్రియ శబ్దంలో అట్టడుగువాడు ముందు వరసలో ఉన్నాడు. మన పుస్తకాలలో అదే శబ్దం అతణ్ణి బయట ఉంచే తలుపయింది.

ఈ అరడజనులో ఒకదానిలో అయ్యవారి పేరు రెండు పంక్తుల్లో కనిపించింది. గుత్తేదారు అని రాశారు, దాత అని రాశారు. ఫూలే పేరు రాయలేదు.